పంపు వచ్చేదాకా

నెల కనబడిందట.
ఖసబ్ బజారు బజారంతా ఒక్కసారే షట్టర్లు దించేసింది.
స్పేరు పార్టుల కొట్టు మలబారీ ముసలాయన
తాళంచెవి జేబులో వేసుకుంటూ,
"ఆదివారం రా. పంపు దుబాయి నుంచి రావాలి" అన్నాడు.
మేం బోసాసో పోవాలి, సరుకు పాడైపోతుంది అన్నాను.
"సముద్రం ఎక్కడికీ పోదులే" అన్నాడు.

ఫైజె నూర్ పొట్టనిండా
పరుపులు, పాత ఫ్రిజ్‌లు,
అందిన చోటల్లా ఉల్లిపాయల బస్తాలు.
పైన మేం తొమ్మిదిమందిమి.
ఎనిమిదిమంది కచ్ఛీలు, నేనొక్కణ్ణి భావనపాడు వాణ్ణి.
ఇంజను నా చేతికింద ఉంటుంది.
అంటే, ఆగితే తప్పు నాది.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు.
పదకొండు నెలలుగా వీపు కింద కొట్టుకున్నది ఆగిపోయాక
నా గుండె ఎంత చిన్న చప్పుడు చేస్తుందో తెలిసొచ్చింది.
చుట్టూ కొండలు.
పొయ్యిలోంచి తీసి నీళ్లలో ముంచి
అలాగే వదిలేసినట్టు.
మా వైపు కొండంటే జీడితోట, మేకలు, ఎవరిదో కేక.
ఇక్కడ కొండంటే కొండే.

పండగ పొద్దున నకుదా జుసబ్ కాకా
కొత్త లుంగీ కట్టి, అత్తరు రాసుకుని,
అందర్నీ వరసలో నిలబెట్టి
తలా ఒక రియాలు ఈదీ ఇచ్చాడు.
నా దగ్గరికొచ్చి ఆగాడు.
"ధనరాజూ, నీకు రెండు. ఇంజను మీద కోపం పోవడానికి."
కోపం ఆయనదో నాదో చెప్పలేదు.

శుక్రవారం దుబాయి కార్లు దిగాయి.
డాల్ఫిన్లు చూపించే పడవలు మా పక్కనే కట్టి ఉన్నాయి.
మా పడవకి అక్కచెల్లెళ్లే అవి,
కాకపోతే తివాచీలు, ఎర్ర దిళ్లు,
పేరంటానికి బయల్దేరినట్టు.
మాది వంటింట్లోంచి పిలిస్తే అలాగే వచ్చేసినట్టు.

అప్పుడు పాటు. నీళ్లు తగ్గి
మేం గట్టుకంటే నిలువెత్తు కిందికి దిగిపోయాం.
పైనుంచి ఒక గొంతు:
"అమ్మా, ఈ పడవ కంపు కొడుతోంది."

పదకొండు నెలల్లో
ఫోన్లో కాకుండా గాలిలో విన్న మొదటి తెలుగు.
చేతిలోని పానా జారి అడుగునీళ్లలో పడింది.

ఆరేడేళ్ల పిల్ల. నారింజరంగు లైఫ్ జాకెట్టు గడ్డందాకా.
ముక్కు మూసుకుని ఉంది.
"అలా అనకూడదు" అంటోంది తల్లి,
తనూ చున్నీ అడ్డం పెట్టుకుని.

"కంపు కాదమ్మా, ఉల్లిపాయలు" అన్నాను.

పిల్ల ముక్కు వదిలింది. తల్లి చున్నీ వదల్లేదు,
నవ్వింది మాత్రం. తర్వాత మనవాళ్లు అడిగేదే అడిగింది:
"మీదే ఊరు?"
భావనపాడు. తెలీలేదు.
టెక్కలి. తెలీలేదు.
శ్రీకాకుళం అన్నాక "ఓ" అంది.
చిన్న ఊరివాళ్లం
ఎప్పుడూ జిల్లా దాకా నడిచొచ్చి పరిచయమవుతాం.

పిల్లకి ఊళ్లతో పనిలేదు.
"ఎక్కడికి వెళ్తున్నారు?"
"సోమాలియా."
"అక్కడేముంది?"
"ఉల్లిపాయలు లేవు."
కాసేపు ఆలోచించింది. "మరి డాల్ఫిన్లు?"
"దారంతా ఉంటాయి. మాకు టికెట్టు ఉండదు, అంతే."

బస్తా మూతి విప్పి ఒకటి పైకి విసిరాను.
మొలకొచ్చింది, వేలెడు.
లైఫ్ జాకెట్టు అడ్డొస్తున్నా రెండు చేతుల్తో పట్టుకుంది.
ఖసబ్‌లో నేను చూసిన ఆ కాస్త పచ్చన
దిళ్ల పడవెక్కి కొండల మలుపు తిరిగిపోయింది.

సాయంత్రం తిరిగొచ్చే ఉంటారు. నేను చూళ్లేదు.
అడుగునీళ్లలో మోచేతిదాకా
పానా కోసం వెతుకుతున్నాను.

ఆదివారం పంపు వచ్చింది. సైజు తప్పు.
సోమవారం సరైనది వచ్చింది.
ఇంజను దగ్గి, నల్లగా కక్కి, అందుకుంది.
కాకా పైనుంచి "యా అల్లా" అన్నాడు, లంగరు లేచింది.
బస్తా ముడి ఎవరు విప్పారని వంట ఇస్మాల్ అరిచాడు.
ఎలకేమో అన్నాను.
ఎలకలు ముళ్లు విప్పుతాయా అన్నాడు.
హోరులో వినబడనట్టు ఊరుకున్నాను.